అరవై గ్రాముల రోస్టెడ్ బార్లీ: బీరు రంగు లెక్క ఎక్కడ తప్పుతుంది

ఐరిష్ రెడ్ ఏల్ అనే ఎర్రటి బీరు రెసిపీ రాసి బీరు లెక్కల సాఫ్ట్‌వేర్‌లో పెడితే ఓ మూల రంగు అంకె 12.5 అని పడుతుంది, పక్కనే చిన్న గడిలో చక్కటి రాగి రంగు కనిపిస్తుంది. తీరా బీరు తయారై గ్లాసులోకి వచ్చాక చూస్తే ఒకసారి నారింజకు దగ్గరగా, ఇంకోసారి బురద గోధుమగా ఉంటుంది. చాలామంది నెపం సూత్రం మీదికి నెట్టేస్తారు. సెట్టింగుల్లోకి వెళ్లి రంగు లెక్కకు మోరీ సూత్రం తీసేసి డేనియల్స్‌ది పెడతారు, అది నచ్చకపోతే మోషర్‌ది. దానివల్ల ఒరిగేది చాలా తక్కువ. తేడా ఎక్కువగా వచ్చేది మనం చేతులారా టైప్ చేసే రెండు అంకెల దగ్గర: మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన గింజ) రంగు, వర్ట్ (దాన్నుంచి తీసిన, ఇంకా పులియని తీపి ద్రవం) పరిమాణం. ఆ తర్వాత, ఆ రంగును ఏ గింజతో తెచ్చామన్న దగ్గర.

లెక్కలోకి దిగేముందు ఒక మాట. తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం. అమెరికాలో ఫెడరల్ చట్టం 1979 ఫిబ్రవరి నుంచి దీన్ని అనుమతిస్తోంది: ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి 200. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో గరాజ్‌లో బీరు కాచే కెటిల్ పెట్టుకున్న మనవాళ్లకు ఈ లెక్కంతా పనికొస్తుంది. అక్కడి షాపుల్లో పౌండ్లు, గ్యాలన్లే నడుస్తాయి కానీ ఇక్కడ కిలోల్లో, లీటర్లలో చెబుతాను.

మాల్ట్ బస్తా మీద రంగును చెప్పే లోవిబాండ్ అంకె ఏమిటో ముందు సరిగ్గా పట్టుకోవాలి. ఇంగ్లండ్‌లో బ్రూవరీ కుటుంబంలో పుట్టిన జోసెఫ్ విలియమ్స్ లోవిబాండ్ రంగు గాజు పలకలను బీరు పక్కన పెట్టి పోల్చే పద్ధతి తెచ్చి, 1885లో టింటోమీటర్ కంపెనీ పెట్టాడు. ఇప్పుడు గాజు పలకల పని స్పెక్ట్రోఫోటోమీటర్ చేస్తోంది. 430 నానోమీటర్ల కాంతిని 1 సెంటీమీటరు మందం ఉన్న బీరు గుండా పంపి, అది ఎంత పీల్చుకుందో చూస్తారు. ఆ విలువను 12.7తో గుణిస్తే ఎస్‌ఆర్‌ఎం (అమెరికా రంగు కొలత, సాఫ్ట్‌వేర్ చూపిన 12.5 ఇదే), 25తో గుణిస్తే ఈబీసీ (యూరప్ కొలత). అందుకే బీరు విషయంలో ఈబీసీ అంటే ఎస్‌ఆర్‌ఎంకు 1.97 రెట్లు. ఇంతవరకూ పేచీ లేదు.

మాల్ట్ రంగు మాత్రం గింజను చూసి చెప్పేది కాదు. 50 గ్రాముల మాల్ట్‌ను మెత్తగా పిండి చేసి, ల్యాబులో నీళ్లతో మ్యాష్ చేసి (వేడి నీళ్లలో నానబెట్టి), మొత్తం 450 గ్రాములకు తెచ్చి వడకడతారు. అలా వచ్చిన వర్ట్ రంగే మాల్ట్ రంగు. అంటే 400 గ్రాముల నీళ్లకు 50 గ్రాముల మాల్ట్, లీటరుకు 125 గ్రాములు. ఒక గ్యాలన్‌కు ఒక పౌండు మాల్ట్ అంటే లీటరుకు 120 గ్రాములు. రెండూ దాదాపు ఒకటే. హోమ్‌బ్రూ లెక్కల్లో ఎంసీయూ (మాల్ట్ కలర్ యూనిట్) అనే కొలత పౌండ్లను లోవిబాండ్‌తో గుణించి గ్యాలన్లతో భాగించడం దగ్గర మొదలైంది ఇందుకే. ఏ మాల్ట్‌నైనా ఆ పాళ్లలో నానబెడితే దాని ఎంసీయూ, లేబుల్ మీది అంకె ఒకటే అవుతాయి. మన కొలతల్లో అయితే కిలోలను లోవిబాండ్‌తో గుణించి, లీటర్లతో భాగించి, 8.345తో గుణించాలి. ఈ పోలిక గుర్తుంటే కింద చెప్పబోయే ఇంటి పరీక్ష ఎందుకు పనిచేస్తుందో తేలిగ్గా తెలుస్తుంది.

ఇక ఆ రెడ్ ఏల్. మరగడం అయిపోయాక కెటిల్‌లో 22 లీటర్లు, అందులోంచి ఫర్మెంటర్‌లోకి (పులియబెట్టే పాత్రలోకి) 20 లీటర్లు అనుకుందాం. ఎక్కువ మోతాదులో వేసే బేస్ మాల్ట్ మారిస్ ఆటర్ 4.2 కిలోలు, 3 లోవిబాండ్: 12.6. క్రిస్టల్ 40 (కారమెల్ తీపి ఉన్న మాల్ట్, 40 లోవిబాండ్) పావు కిలో: 10. క్రిస్టల్ 120 నూట యాభై గ్రాములు: 18. రోస్టెడ్ బార్లీ (నల్లగా వేయించిన బార్లీ) 60 గ్రాములు, 300 లోవిబాండ్: 18. మొత్తం 58.6. దీన్ని 22తో భాగించి 8.345తో గుణిస్తే 22.2 ఎంసీయూ. డాన్ మోరీ సూత్రం ఎంసీయూను 0.6859 ఘాతానికి పెంచి 1.4922తో గుణించమంటుంది. అలా చేస్తే 12.5 ఎస్‌ఆర్‌ఎం. రాండీ మోషర్ సూత్రం ఎంసీయూకు 0.3 రెట్లు, పైన 4.7. వచ్చేది 11.4. రే డేనియల్స్ సూత్రం 0.2 రెట్లు, పైన 8.4. వచ్చేది 12.8. మూడు సూత్రాల మధ్య మొత్తం తేడా ఒకటిన్నర కూడా లేదు. ఇంటి వెలుతురులో ఆ తేడా కంటికి ఆనడం కష్టం.

ఇప్పుడు సూత్రం జోలికి పోకుండా లేబుల్ ఒక్కటి మారుద్దాం. రోస్టెడ్ బార్లీ అన్న ఒకే పేరుతో దొరికే సరుకులో అమెరికాలో బ్రీస్ అమ్మేది 300 లోవిబాండ్. బ్రిటిష్ సరుకు 500 దగ్గర, కొన్ని అంతకంటే పైన కూడా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ లిస్టులో మొదట కనబడిన రోస్టెడ్ బార్లీని క్లిక్ చేసి, షాపులో ఉన్న ఇంకోదాన్ని పోస్తే అదే 60 గ్రాములు 18 బదులు 30 అవుతాయి. మోరీ 14.2 చూపిస్తుంది. ఐరిష్ రెడ్‌కు బీజేసీపీ (బీరు పోటీల జడ్జీల సంస్థ) చెప్పే హద్దు 9 నుంచి 14. అసలు ఆ 60 గ్రాములు వేయకపోతే రంగు 9.7 దగ్గర ఆగుతుంది. నాలుగున్నర కిలోల పైచిలుకు గింజలో ఒక గుప్పెడు కూడా లేని సరుకు ఈ బీరు రంగును నడిపిస్తోందన్నమాట. అలాంటి సరుకు లేబుల్ సరిగా చూడకుండా సూత్రాల గురించి వాదించుకోవడం దండగ.

స్టౌట్‌లో ఇదే తప్పు ఇంకా పెద్దదిగా కనబడుతుంది. అదే 22 లీటర్లకు పేల్ మాల్ట్ 4 కిలోలు, ఫ్లేక్డ్ బార్లీ అర కిలో, రోస్టెడ్ బార్లీ 450 గ్రాములు. బార్లీ 500 అయితే మోరీ ప్రకారం 32.7, నల్లటి స్టౌట్. బార్లీ 300 అయితే 23.6. ఐరిష్ స్టౌట్ హద్దు 25 దగ్గర మొదలవుతుంది. ఇది దాని కిందే ఉండిపోతుంది, దీపానికి ఎదురుగా పెడితే ముదురు గోధుమగా కనబడుతుంది. రెసిపీ అక్షరం పొల్లు పోకుండా పాటించినా స్టౌట్ నల్లగా రాలేదని వాపోయేవాళ్లు ముందు చూడాల్సింది ఇదే.

సరిచేయడం తేలిక. గ్రాములను లోవిబాండ్‌తో గుణించిన విలువ మారకుండా చూసుకోవాలి. 300 బార్లీ 60 గ్రాములు వేయమన్న చోట 500 బార్లీ అయితే 36 గ్రాములు చాలు. వంటింటి కాటా 5 గ్రాముల మెట్లతో చూపిస్తుంది కాబట్టి, ఇలాంటి వాటికి 0.1 గ్రాము చూపే చిన్న కాటా కొనుక్కోవడం మంచిది.

లేబుల్ దగ్గర ఇంకో ఉచ్చు ఈబీసీ. జర్మన్ మాల్ట్ బస్తాల మీద ఈబీసీయే ఉంటుంది. బీరుకు 1.97తో భాగిస్తాం కదా అని మాల్ట్‌కూ అదే చేస్తారు. మాల్ట్‌కు హోమ్‌బ్రూ లెక్కల్లో వాడే మార్పిడి వేరు: ఈబీసీకి 1.2 కలిపి 2.65తో భాగించాలి. పిల్స్‌నర్ మాల్ట్ 3.5 ఈబీసీ అయితే రెండు దారుల్లోనూ 1.8 లోవిబాండే వస్తుంది, అందుకే తప్పు బయటపడదు. వేయర్మాన్ కారాఫా స్పెషల్ 2 లాంటిది, 1150 ఈబీసీ, తీసుకుంటే సరైన విలువ 434. 1.97తో భాగిస్తే 584. మూడో వంతు ఎక్కువ. లేత మాల్ట్‌తో సరిచూసుకుని 'నా మార్పిడి బాగానే ఉంది' అనుకున్నవాళ్లు ముదురు మాల్ట్ దగ్గర బోల్తా పడేది ఇక్కడే.

షాపులో డబ్బాలోంచి తూచి ఇచ్చిన సరుకు మీద అసలు లేబులే ఉండకపోవచ్చు. దానికి ఇంటి పరీక్ష ఇది. లీటరుకు 120 గ్రాముల పాళ్లలో లేబుల్ అంకె వస్తుంది కాబట్టి, దానిలో యాభయ్యో వంతు, అంటే 2.4 గ్రాములు చాలు. రోస్టెడ్ బార్లీని కాఫీ గ్రైండర్‌లో మెత్తగా పొడి చేసి, 2.4 గ్రాములు తూచి, లీటరు వేడి నీళ్లలో అరగంట నాననిచ్చి, కాఫీ ఫిల్టర్ పేపరులో వడకట్టాలి. ఆ నీళ్లను ఎస్‌ఆర్‌ఎం కార్డుతో (అంకెలతో రంగు గడులు అచ్చు వేసిన కార్డు) పోల్చి, వచ్చిన అంకెను 50తో గుణించాలి. 6 దగ్గర బంగారు రంగులో కనబడితే సరుకు 300. 10 దగ్గర అంబర్‌లోకి వెళితే 500. ల్యాబు ఖచ్చితత్వం రాదు, కానీ ఏ రకం చేతిలో ఉందో తేలిపోతుంది. ముదురు గింజలకు మాత్రమే ఇలా చేయాలి, వాటి రంగు వేడి నీళ్లలోకి నేరుగా దిగుతుంది. బేస్ మాల్ట్‌కు లేబుల్ అంకెనో, లాట్ నంబరు మీద మాల్ట్ కంపెనీ ఇచ్చే అనాలిసిస్ షీటునో నమ్ముకోవాలి.

ఇండియన్ స్టోర్ బెల్లంతో ప్రయోగాలు చేసేవాళ్లకూ ఇదే దారి. ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ అచ్చు బెల్లానికి నికరమైన రంగు ఉండదు. ఒక దిమ్మ పసుపు రంగులో ఉంటే ఇంకోటి కాఫీ రంగులో ఉంటుంది. లీటరులో 120 గ్రాములు కరిగించి, తేరనిచ్చి, కార్డుతో పోలిస్తే వచ్చిన అంకెనే లోవిబాండ్ గడిలో వేసుకోవచ్చు.

పరిమాణం దగ్గర తప్పు చిన్నదే, కానీ దాదాపు అందరూ చేస్తారు. గింజల రంగంతా కెటిల్‌లో మిగిలిన 22 లీటర్లలో పరుచుకుని ఉంటుంది. అడుగున హాప్స్ మడ్డితో పాటు వదిలేసే 2 లీటర్లలోనూ అదే రంగు. 20తో భాగిస్తే 12.5 కాస్తా 13.4 అవుతుంది. సాఫ్ట్‌వేర్ బ్యాచ్ సైజ్ అన్నది కెటిల్‌దా ఫర్మెంటర్‌దా అన్నది ఒక్కసారి చూసుకుంటే చాలు. మంట ఎక్కువై 22 బదులు 19 లీటర్లే మిగిలితే అదే గింజకు 13.8 వస్తుంది. నీళ్లు కలిపి 22కు తెస్తే మళ్లీ వెనక్కి వస్తుంది.

సూత్రాల మాటకొస్తే, అవి నిజంగా విడిపోయేది రెండు కొసల్లో. పిల్స్‌నర్ మాల్ట్ 4.5 కిలోలు, 1.7 లోవిబాండ్, 22 లీటర్లు: 2.9 ఎంసీయూ. మోరీ 3.1 అంటుంది. మోషర్ 5.6, డేనియల్స్ 9. డేనియల్స్ సూత్రంలో ఒక్క గింజ కూడా వేయకుండా ఉత్త నీళ్లు పెట్టినా 8.4 వస్తుంది. ఆ గీత లేత బీర్ల కోసం గీసింది కాదు. అందుకే మోరీని డీఫాల్ట్‌గా ఉంచేయమంటాను. ముదురు కొసన 50 దాటాక మోరీ అంకెకూ అర్థం ఉండదు, 40 దాటాక కంటికి అంతా నలుపే కాబట్టి పట్టింపూ లేదు. ఇవన్నీ అనుభవం నుంచి అమర్చిన గీతలు. ఫలానా మాల్ట్‌కు ఫలానా రంగు తప్పదని చెప్పే భౌతిక నియమాలు కావు.

లేత బీరులో లెక్క కంటే పని తీరు ఎక్కువ రంగు తెస్తుంది. ఎంసీయూకు మరగడం తెలియదు, నీళ్ల క్షారత్వం తెలియదు, ఆక్సిజన్ తెలియదు. క్షారత్వం ఎక్కువున్న హార్డ్ వాటర్‌తో మ్యాష్ చేసి, అవే నీళ్లతో స్పార్జ్ చేస్తే (గింజలో మిగిలిన తీపిని కడిగి తీస్తే) పీహెచ్ పెరుగుతుంది, పొట్టులోంచి పాలీఫినాల్స్ అనే వగరు పదార్థాలు దిగుతాయి, మరుగులో రంగు ఇంకా ముదురుతుంది. పిల్స్‌నర్ చేసేవాళ్లు మ్యాష్ పీహెచ్ 5.3, 5.4 మధ్య, స్పార్జ్ నీళ్లు 6 లోపు ఉంచుకుంటే మూడు మూడున్నరగా లెక్క తేలిన బీరు ఐదులోకి పోకుండా ఉంటుంది. గింజ మరపట్టే మిషన్ కూడా ఒకసారి చూడాలి. షాపు మిల్లులో మీ ముందువాళ్లు స్టౌట్‌కు మరపట్టించి వెళ్తే, తొట్టిలో మిగిలిన 20 గ్రాముల రోస్టెడ్ బార్లీ మీ 3.1ని 4.6 చేసేస్తుంది. మీ రెసిపీలోనే ముదురు గింజ ఉంటే దాన్ని చివర్లో మరపట్టండి, తర్వాతి లేత బ్యాచ్‌కు ముందు మిల్లు దులపండి.

గింజకు బదులు ఎక్స్‌ట్రాక్ట్ (చిక్కబరిచి అమ్మే వర్ట్) వాడేవాళ్ల బాధ వేరు. లిక్విడ్ ఎక్స్‌ట్రాక్ట్ డబ్బాలో పాతబడే కొద్దీ ముదురుతుంది, లేబుల్ అంకె తాజా సరుకుది. పైగా మొత్తం ఎక్స్‌ట్రాక్ట్‌ను 10 లీటర్ల చిక్కటి వర్ట్‌లో గంటసేపు మరగబెట్టి తర్వాత నీళ్లు కలిపితే మెయిలార్డ్ చర్యలు (వేడికి రంగెక్కించే చర్యలు) ఎక్కువ జరిగి రంగు ఇంకా పెరుగుతుంది. సగం ఎక్స్‌ట్రాక్ట్‌ను చివరి 10, 15 నిమిషాల్లో, స్టవ్ ఆపి, అడుగంటకుండా కలపడమే విరుగుడు. పులియడంలో రంగు కొంత తగ్గుతుంది: పీహెచ్ పడిపోతుంది, కొంత రంగు ఈస్ట్‌కు అంటుకుని అడుక్కి పోతుంది. అందుకే మరిగిన వర్ట్ చూసి కంగారు పడక్కర్లేదు.

ఇప్పుడు అసలు పేచీ. 12.5 అన్న అంకె 430 నానోమీటర్ల దగ్గర, అంటే నీలం, ఊదా కలిసే చోట ఎంత కాంతి ఆగిపోయిందో మాత్రమే చెబుతుంది. బీరు ఎరుపుగా కనబడాలంటే ఆకుపచ్చ కాంతి కూడా బాగా ఆగాలి, ఎరుపు దాటిపోవాలి. ఆ సంగతి ఈ అంకెలో లేదు. రెండు బీర్లు 12.5 దగ్గరే ఉండి ఒకటి తేనె రంగులో, ఇంకోటి ఇటుక ఎరుపులో ఉండటం సాధ్యమే, సహజం కూడా.

పై రెసిపీలో 60 గ్రాముల రోస్టెడ్ బార్లీ తీసేసి, అదే 18 యూనిట్లను క్రిస్టల్ 60 మాల్ట్ 300 గ్రాములతో నింపామనుకోండి. సాఫ్ట్‌వేర్ మళ్లీ 12.5 చూపిస్తుంది, గడిలో రంగు కూడా చెక్కుచెదరదు. గ్లాసులో మాత్రం నారింజ పాలు పెరుగుతుంది, నోట్లో కారమెల్ తీపి, ఎండుద్రాక్ష వాసన ముందుకొస్తాయి. మొత్తం క్రిస్టల్ 700 గ్రాములకు చేరుతుంది, ఈ బలం ఉన్న బీరుకు అది మొహం మొత్తే మోతాదు. రోస్టెడ్ బార్లీ దారిలో తీపి పెరగదు, అంచున ఎరుపు వస్తుంది, చివర తీపి మిగలకుండా కాస్త పొడిగా ముగుస్తుంది. మూడో దారి: బెస్ట్‌మాల్ట్స్ రెడ్ ఎక్స్ లాంటి మాల్ట్‌ను 12 లోవిబాండ్ అనుకుని 4.8 కిలోలు అదొక్కటే వేయడం. 57.6 యూనిట్లు, మళ్లీ దాదాపు అదే రంగు అంకె. రుచి మాత్రం మ్యూనిక్ మాల్ట్ వైపు, రొట్టె పైపొర వైపు పోతుంది.

నా ఓటు రెండో దారికి, రోస్టెడ్ బార్లీకి. ఐరిష్ రెడ్ పేరుకు తగ్గ ముగింపు దానితోనే వస్తుంది. మీ ఓటు ఇంకో దానికి పడినా సరే, ముందు రుచి చూసి గింజ ఎంచుకోండి, రంగు అంకెను ఆ గింజ మోతాదు తేల్చడానికి వాడుకోండి. స్లైడర్ జరుపుతూ అంకె సరిపోయేదాకా ఏ మాల్ట్ దొరికితే అది కలపడం నాకు సుతరామూ నచ్చని పద్ధతి. ఎరుపు కావాలంటే 12, 15 మధ్య ఉండటం మేలు. 10 లోపు నారింజే, 18 దాటితే గోధుమే. మసక కూడా ఎరుపును చంపేస్తుంది. తేలాడే ఈస్ట్ కాంతిని చెల్లాచెదురు చేసి రంగును పాలిపోయినట్టు చూపిస్తుంది, కాబట్టి చల్లగా తేరనిచ్చాకే తీర్పు చెప్పాలి.

ఎక్కడ చూసి తీర్పు చెబుతున్నామన్నదీ ముఖ్యమే. ఫిల్టర్ కాఫీ డికాషన్ గిన్నెలో నల్లగా, సాసర్‌లో ఒలికితే ఎర్రగా కనబడినట్టే, 28 సెంటీమీటర్ల వెడల్పున్న గాజు కార్బాయ్‌లో (పెద్ద సీసాలో) రెడ్ ఏల్ పోర్టర్ అనే ముదురు బీరులా కనిపిస్తుంది, సన్నని హైడ్రోమీటర్ జాడీలో బంగారంలా కనిపిస్తుంది. ఎస్‌ఆర్‌ఎం కార్డు ఎంత మందం గ్లాసుకు అచ్చు వేశారో దాని మీదే రాసి ఉంటుంది, అంతే మందం వాడాలి. పగటి వెలుతురు, వెనక తెల్ల కాగితం, గ్యాస్ పోయేలా గిలకొట్టిన బీరు. పసుపు బల్బు కింద ప్రతి బీరూ రెండు మెట్లు ఎర్రగానే ఉంటుంది.

ముదురు బీరుకు కార్డు పనికిరాదు, 25 దాటాక గడులన్నీ ఒకేలా ఉంటాయి. అప్పుడు 50 మిల్లీలీటర్ల బీరుకు 200 మిల్లీలీటర్ల నీళ్లు కలిపి చూసి, వచ్చిన అంకెను 5తో గుణించండి. 33 ఉండాల్సిన స్టౌట్ ఆరున్నర దగ్గర కనబడాలి. నాలుగున్నర కనబడితే మీ బార్లీ 300ది. ఇలా నాలుగైదు బ్యాచ్‌ల అసలు రంగును లెక్క రంగుతో భాగించి చూస్తే మీ కెటిల్‌కు, మీ నీళ్లకు ఒక గుణకం వస్తుంది. లేత బీర్లకు ఒకటి, ముదురు వాటికి ఒకటి విడిగా రాసుకోండి, రెండూ కలిపి సగటు తీస్తే దేనికీ పనికిరాదు.

అన్నీ చూసుకున్నా బీరు లేతగానే వస్తే ఫర్మెంటర్‌లోనే దిద్దుకోవచ్చు. వేయర్మాన్ సినమార్ ముదురు మాల్ట్ నుంచే తీసిన ద్రవం, 8,100 నుంచి 8,600 ఈబీసీ. ఇక్కడ మోరీ ఘాతం అక్కర్లేదు, ద్రవంలో ద్రవం కలుపుతున్నాం కాబట్టి రంగు నేరుగా కూడుతుంది. బార్లీ వేయడం మరచిపోయి 9.7 దగ్గర ఆగిన 20 లీటర్ల రెడ్ ఏల్‌ను 12.5కు తేవాలంటే 2.8 ఎస్‌ఆర్‌ఎం, అంటే 5.5 ఈబీసీ కావాలి. 20ని 5.5తో గుణించి 8,300తో భాగిస్తే 13 మిల్లీలీటర్లు. బాట్లింగ్ బకెట్‌లోకి సైఫన్ చేసేటప్పుడు చక్కెర పాకంతో పాటు అడుగున పోసేస్తే విడిగా కలపక్కర్లేదు. ముందు లీటరు బీరులో 0.65 మిల్లీలీటరు సిరంజితో వేసి రంగు నచ్చిందో లేదో చూసుకుని, ఆ తర్వాతే మిగతాది పోయండి. ఒకసారి ముదిరాక వెనక్కి తేవడానికి లేత బీరు కలపడం తప్ప దారి లేదు.